కెప్టెన్ మాటకు తర్జుమా

బందరు కాలేజీలో ఇంగ్లీషు బోధించి రిటైరైన దేవసహాయం గారిని దివిసీమలో తర్జుమా మాస్టారంటేనే ఎక్కువ మంది గుర్తుపడతారు. చర్చీల ఉజ్జీవ సభలకు విదేశాల నుంచి ఏ బోధకుడు వచ్చినా, ఆయన ఒక వాక్యం ఇంగ్లీషులో పలికి ఆగగానే పక్కన నిలబడి దానిని తెలుగులో పలికేది మాస్టారే. ఇన్నేళ్లలో ఒక్క మాట విడిచిపెట్టలేదు, ఒక్క మాట చేర్చలేదు. ఆ సంగతి ఆయనే చెప్పుకొనేవారు. బోధకుడు 'హెల్' అంటే మాస్టారు 'నరకం' అనేవారు. 'డ్యామ్డ్' అంటే 'శపించబడినవారు' అనేవారు. అక్షరం ముక్క రాని ముసలమ్మలు సైతం ఆ రెండు ఇంగ్లీషు మాటలూ అలాగే నేర్చుకున్నారు. అవనిగడ్డ అవతలి పల్లెలో ఉండే రాజమ్మ వారిలో ఒకతె.

రాజమ్మ కొడుకు ఫిలిప్ సరుకుల ఓడలో ఇంజనీరు. ఓడ ఏదో రేవులో ఆగి ఉండగా తల్లితో ఫోనులో మాట్లాడుతున్నాడు. ఉన్నట్టుండి అవతల కేకలు వినిపించాయి. ఫిలిప్ ఎవరినో గట్టిగా 'గో టు హెల్' అన్నాడు. ఫోను ఆగిపోయింది. ఇంజను గదిలో మంటలు లేచాయనీ, ఫిలిప్ పోయాడనీ మర్నాడు కబురొచ్చింది.

భూస్థాపన నాడు రాజమ్మ మాస్టారిని అడిగింది ఒక్కటే.

"ఆ మాటకి ఇంకో అర్థం ఏదన్నా ఉందాండీ?"

"నరకానికి పొమ్మని అర్థమమ్మా," అన్నారు మాస్టారు. అర్థం అడిగితే అర్థం చెప్పారు. చివరిమాటగా సాటిమనిషిని నరకానికి పొమ్మన్న తన కొడుకు ఎక్కడికి పోయి ఉంటాడన్నది ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. నాటి నుంచి ఆమె అన్నం సరిగా ముట్టడం లేదనీ, చర్చిలో ప్రభు భోజన సంస్కారం తీసుకోవడం మానేసిందనీ ఆయనకు తర్వాత తెలిసింది.

జ్ఞాపకార్థ కూడికకు ఆ ఓడ కెప్టెనే స్వయంగా వస్తున్నాడని, తర్జుమాకు మాస్టారిని పిలిచారు. ఫిలిప్ బాబాయి కొడుకు మోషే కారు తెచ్చాడు. మోపిదేవి దాటాక మాట కదిపాడు.

"మాస్టారూ, బోధకుడు దగ్గితే మీరూ దగ్గుతారంట గదండీ?"

"దగ్గుకు తర్జుమా అక్కరలేదు. అందరికీ తెలిసిన భాషే."

మోషే నవ్వాడు. కాస్త దూరం పోయాక, కెప్టెన్ ఓడ మనిషనీ, నోటికి అదుపుండదనీ, అటువంటి మాటలొస్తే దాటేయమనీ, పెద్దమ్మ తట్టుకోలేదనీ బతిమాలాడు.

కెప్టెన్ చర్చిలో వేదిక మీదికి వచ్చి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. ఫిలిప్ గురించి 'హెల్ ఆఫ్ ఎ గుడ్ ఇంజనీర్' అంటూ మొదలుపెట్టాడు.

"ఫిలిప్ చాలా గొప్ప ఇంజనీరు," అన్నారు మాస్టారు. ముందు వరుసలో రాజమ్మ తలెత్తి చూసింది.

ఇంజను గది అడుగున ఇద్దరు కుర్ర నావికులు మంటల్లో చిక్కుకుపోయారని కెప్టెన్ చెప్పాడు. ఫిలిప్ ను దిగవద్దని తానే ఆజ్ఞాపించాడట. ఆ పైన, దాచుకోకుండా, 'హి టోల్డ్ మి టు గో టు హెల్' అన్నాడు.

'నా మాట వినలేదు' అన్న తెలుగు మాస్టారి నాలుక చివర సిద్ధంగా ఉంది. ఈలోగా రాజమ్మ లేచి నిలబడింది.

"ఆయన నరకం అన్నాడండీ. ఇందాకా అన్నాడు, ఇప్పుడూ అన్నాడు. మీరు చెప్పట్లేదు."

మాస్టారి తర్జుమాను సభలో ఎవరూ ఎన్నడూ తప్పుపట్టలేదు. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"దిగవద్దని నేను ఆజ్ఞాపించాను. ఫిలిప్ నన్ను నరకానికి పొమ్మన్నాడు," అని ఆగి, కెప్టెన్ వైపు చూశారు. కెప్టెన్ తక్కినది చెప్పాడు. మాస్టారు అదీ తెలుగులో పలికారు. "నన్ను పొమ్మని, తాను మంటల్లోకి దిగాడు. ఇద్దరినీ పైకి పంపాడు. తాను రాలేదు."

రాజమ్మ నిలబడే ఉంది. "అయితే వాడు ఫోనులో పొమ్మంది ఈయన్నా?"

"ఈయననేనమ్మా."

"ఈయనకి వాడి మీద కోపం ఉందేమో అడగండి. ఉంటే వాడి బదులు నేను తప్పు ఒప్పుకుంటాను."

మాస్టారు అడిగారు. కెప్టెన్ తల అడ్డంగా ఊపి, "హెల్, నో," అన్నాడు.

"లేదన్నారమ్మా."

"ముందింకో మాట అన్నాడుగా."

కెప్టెన్ పలకనిది మాస్టారు పలకడం ఆ వేదిక మీద అదే మొదలు. "అదీ లేదనడమేనమ్మా. ఉత్త 'లేదు' చాలదని, గట్టిగా చెప్పడానికి ఆ మాట ముందు పెట్టారు. ఓడల మీద కోపానికీ, ప్రేమకీ కూడా అదే మాట వాడతారు. మీరు అడిగిననాడే నేను చెప్పవలసింది."

రాజమ్మ కూర్చుంది.

ప్రార్థన అయ్యాక పందిట్లో భోజనాలు పెట్టారు. చేపల పులుసు కారానికి కెప్టెన్ కు పొలమారి ఒకటే దగ్గు. మోషే మాస్టారి వైపు ఓరగా చూశాడు. రాజమ్మ మంచినీళ్ల గ్లాసు కెప్టెన్ ముందుకు జరిపి, తన పళ్లెంలో అన్నం కలుపుకోసాగింది.