ఏడుకొండలు గారి తొడలో నేను

నేను ఒక స్టీలు కడ్డీని. కడ్డీ అనగానే మీకు కిటికీ ఊచ గుర్తొస్తే ఆ తప్పు మీది, నాది కాదు. నేను విరిగిన తొడ ఎముకలో పెట్టే కడ్డీని. పైన ఒక మర, కింద రెండు మరలు బిగించడానికి నాకు బెజ్జాలుంటాయి. ఒంటి మీద చెక్కిన నంబరుంటుంది. మా కార్ఖానాలో మమ్మల్ని వరసగా పడుకోబెట్టి, మాలో ఒకణ్ణి లాగి, విరిగేదాకా వంచి చూశారు. పాపం వాడు చాలాసేపు తట్టుకున్నాడు. అంత పరీక్ష అయ్యాకే, మిగిలిన మేము మనిషి ఒంట్లోకి పనికొస్తామని ముద్ర వేశారు. రోడ్డు మీదికి వెళ్ళే మనిషికి ఇందులో సగం పరీక్షైనా ఎవరైనా పెడతారా? పెట్టరు. బండి తాళం చేతిలో ఉంటే చాలు, బయల్దేరిపోతాడు.

ఆ తరవాత నన్ను సీలు వేసిన పెట్టెలో పెట్టి రాజమండ్రిలో ఒక ఆసుపత్రికి పంపారు. అక్కడ అల్మారాలో చాలాకాలం పడుకున్నాను. నా కొలత తొడ రావాలి కదా! చివరికి ఒక వేసవి రోజున వచ్చింది. ఆ తొడ కముజు ఏడుకొండలు గారిది.

ఈయన మండపేట బస్టాండు పక్కన గొడుగు కింద బల్ల వేసుకుని బళ్ళకు ఇన్సూరెన్సు రాసే ఏజెంటు. ఇన్సూరెన్సు ఏజెంటుకి యాక్సిడెంటా అని నవ్వకండి. నేనూ మొదట నవ్వాను. తరవాత ఆయన తొడలో కూర్చుని సంగతంతా విన్నాక నవ్వు రాలేదు.

ఊళ్ళో ఆయనకు మంచి పేరు. ఎందుకంటే ఆయన చవగ్గా రాస్తారు. "పోలీసోడు ఆపితే చూపిత్తానికి ఓ కాయితం ఉండాలి. అంతే కదండీ? దానికి అన్నన్ని డబ్బులెందుకండీ దండగ!" అనేవారు. ఆ మాట వింటే ఎవడికి మాత్రం ముద్దు రాదు! ఆ చవక పాలసీ ఏమిటంటే, మీరు వెళ్ళి ఎవణ్ణయినా గుద్దితే వాడికి డబ్బిస్తుంది. మిమ్మల్ని ఎవడైనా గుద్దితే, వాడి బండికి సరైన పాలసీ ఉందేమో మీరే వెళ్ళి వెతుక్కోవాలి. బండి నడిపేవాడి సొంత ఎముకల కోసం ఇంకో పద్దు ఉంటుంది కానీ, 'నాకు అలాంటిది వేరే చోట ఉంది' అన్న గడిలో టిక్కు కొడితే ఆ డబ్బు తగ్గుతుంది. ఏడుకొండలు గారు వచ్చినవాడికల్లా ఆ టిక్కు కొట్టేశారు. తన మోటారుసైకిలుకూ కొట్టుకున్నారు. వేరే చోట అంటే ఎక్కడ అని ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా ఆలోచించలేదు.

ఆయన ఖాతాదారుల్లో నల్లమిల్లి బులిరెడ్డి గారొకరు. కాలువ గట్టు దిగువన ఆయనకు ఇటుకల బట్టీ ఉంది. ఆయన ట్రాక్టరు ఏడాది పొడుగునా ఇటుకలే మోస్తుంది. దాని పాలసీ మీద మాత్రం 'వ్యవసాయ పనులకు మాత్రమే' అని ఉంటుంది, అలాగైతే చవక కనుక. ఆ ఉపాయం ఏడుకొండలు గారిదే. అందుకు సంతోషించి బులిరెడ్డి గారు ఆయనకు తాపేశ్వరం కాజాల పొట్లం ఇచ్చారట.

మీరు ఊహించేశారు కదా? ఊహించడానికేముంది, తాను తీసిన గోతిలో తానే పడ్డాడని ఊరికే అనలేదు పెద్దలు. ఒకనాడు పొద్దున్నే ఏడుకొండలు గారు ఎవరి పాలసీయో తిరగరాయడానికి గట్టు మీద బండేసుకుని పోతుంటే, మలుపులో ఆ ట్రాక్టరే హారనైనా కొట్టకుండా ఎదురొచ్చింది. బండి పక్కకు పడింది. ట్రాలీ ఒరిగింది. ఇటుకలు జలజలా వచ్చి ఆయన కుడి తొడ మీద పడ్డాయి. పోలీసులొచ్చేలోపు బులిరెడ్డి గారి మనుషులు ఒక్క పెళ్ళ కూడా వదలకుండా అన్నీ ఏరేశారు. ముందు ఇటుకలెత్తి, ఆ తరవాత మనిషిని ఎత్తారు.

అలా నేను లోపలికి వెళ్ళాను. డాక్టరు గారు నన్ను సుత్తితో కొట్టి దింపారు. ఇంత వైద్యశాస్త్రం చదివి చివరికి సుత్తేనా అనిపించింది. ఏమైతేనేం, లోపల నా చోటు బాగుంది. వెచ్చగా, మెత్తగా ఉంది. కానీ ఆయనకు మెలకువ వచ్చాక నాకు మొదట వినబడింది ఆయన భార్య మంగతాయారు గొంతు.

"ఊళ్ళో అడ్డమైనోళ్ళందరికీ పాలసీలు రాసేరు గదా! మీకోటి రాసుకోడానికి చేతులు పడిపోయేయా?"

"ఉందే... నాకూ ఉంది," అన్నారు ఆయన నీరసంగా.

"ఆ ఉన్నది మీకు పైసా ఇవ్వదంట! మీ కంపెనీ గుమస్తా చెప్పేడు."

ఆవిడ కాసేపు తిట్టి, కాసేపు ఏడ్చి, ఆ తరవాత లేచి మెళ్ళో గొలుసు తీసి ఆసుపత్రి బిల్లు కట్టింది. సర్కారు వైద్యం కార్డుందా అని అడిగితే, కమిషను మీద పన్ను కోశారు కాబట్టి తెల్ల రేషను కార్డు ఎప్పుడో పోయిందని తేలింది. పన్ను కట్టేవాడు ధనవంతుడే అని లెక్క. ధనవంతుడు మంచం మీద మూలుగుతున్నాడు.

నెలలు గడిచినా ఎముక అతకలేదు. ఇది నాకు అందరికన్నా ముందు తెలిసింది, ఎందుకంటే బరువంతా నా మీదే పడుతోంది. ఆయన అడుగు వేసినప్పుడల్లా నేను రవ్వంత వంగుతున్నాను. డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురుకెత్తి చూసి పెదవి విరిచారు. "ఈ కడ్డీ ఒక్కటే మోస్తోందండి. ఎల్లకాలం మొయ్యదు. ఇది తీసేసి, తుంటిలోంచి కొంచెం ఎముక తీసి అతుకు దగ్గర పెట్టి, లావుపాటిది వెయ్యాలి. ఈలోగా ఇది విరిగిందంటే కాలు నిలబెట్టడం నా వల్ల కాదు," అన్నారు. ఆపరేషనుకు డబ్బు కావాలి. గొలుసు ఒక్కటే ఉండేది, అదీ అయిపోయింది. ఇక ఆ ట్రాక్టరు మీద కోర్టులో వేసిన నష్టపరిహారం కేసే దిక్కు. నాకు భయమేసింది. స్టీలుకు భయమేమిటంటారా? మా కార్ఖానాలో ఆ వంచిన వాడి చప్పుడు నేను విన్నాను. మీరు వినలేదు.

లాయరు చయనులు గారు పెద్దమనిషి. కాయితాలు చూసి ఒకటే మాట చెప్పారు. "ట్రాలీలో ఇటుకలున్నాయని తేలితే ఇన్సూరెన్సు కంపెనీ చేతులు దులిపేసుకుంటుంది. వ్యవసాయ పాలసీ కదా! అప్పుడు దాళ్వా వరి కోతల రోజులు కనుక ట్రాలీలో ఉన్నవి ధాన్యం బస్తాలు. అంతే. ఇటుక అన్న మాట ఎవరి నోటా రాకూడదు." బులిరెడ్డి గారినీ పిలిపించి చెప్పారు. కంపెనీ ఇవ్వకపోతే తానే ఇచ్చుకోవాలి కనుక ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. గుద్దించినవాడూ గుద్దించుకున్నవాడూ ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే అబద్ధం, ఒకే గొంతుతో వల్లెవేశారు. అలాంటి ఐకమత్యం నేను ఎముకల్లో కూడా చూడలేదు.

కోర్టులో కంపెనీ తరఫున స్వరాజ్యలక్ష్మి గారని ఒక లాయరమ్మ వచ్చారు. గొంతు ఎత్తరు, నవ్వుతూనే అడుగుతారు. ముందు ఏడుకొండలు గారిని బోనెక్కించారు.

"మిమ్మల్ని గుద్దిన ట్రాక్టరుకి పాలసీ రాసిన ఏజెంటు ఎవరండీ?"

"నేనేనండి."

కోర్టు హాలంతా నవ్వింది. బంట్రోతు కూడా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు, ఆయన కాలు వణుకుతుంటే గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఆయన తడబడకుండా ధాన్యం బస్తాలనే చెప్పి దిగారు. సగం గట్టెక్కాం.

తరవాత బులిరెడ్డి గారు. తెల్ల చొక్కా, భుజాన కండువా, బట్టీ పొగకు ఎర్రబడ్డ కళ్ళు. బస్తాలు ఎన్ని, ఏ పొలంవి, ఏ మిల్లుకి, అన్నీ గడగడా చెప్పేశారు. చయనులు గారు తృప్తిగా తల పంకించారు. లాయరమ్మ కాయితాలు మూసేసి, వెళ్ళబోతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు.

"మీకు ఇటుకల బట్టీ కూడా ఉందట కదండీ?"

"ఉందండి. మా తాతగారి నాటిది."

"మా చుట్టాలెవరో మీ ఇటుక కొన్నారండి. గోడ లేవకముందే పొడైపోయిందని గొడవ."

"ఎవరండీ ఆ చుట్టాలు?" బులిరెడ్డి గారి మెడ నిటారుగా అయింది.

"పేర్లెందుకులెండి. చేత్తో నలిపితే పిండైపోతోందట. నెత్తిన పడినా బొప్పి కట్టదట!"

చయనులు గారు లేచి అభ్యంతరం అన్నారు. ఎవరు వింటారు? బులిరెడ్డి గారు అప్పటికే కండువా దులిపి బోను కర్ర మీద చెయ్యి చరిచారు.

"ఏవండోయ్! నా ఇటుక నలగడవేటండీ? అదిగో, ఆ ఏడుకొండలు గారి తొడని అడగండి! ఇంత లావెముక అండి, నా ఇటుక పడ్డ దెబ్బకి రెండు ముక్కలైపోయింది! ఇటుక్కి మాత్రం అంచు కూడా చెక్కు రాలేదండి. ఏరి అదే రోజు మళ్ళీ లోడెత్తించేను!"

జడ్జిగారు కలం ఆపి తలెత్తారు. "మరి ధాన్యం బస్తాలు?" అన్నారు. బులిరెడ్డి గారు చయనులు గారి వైపు చూశారు. చయనులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. వెనక బెంచీ మీంచి మంగతాయారు, "ఓరి నీ నోరు పడా!" అని పైకే అంది. నేను కూడా అదే అన్నాను, కాకపోతే నాకు నోరు లేదు.

తీర్పు రానే వచ్చింది. కంపెనీకి బాధ్యత లేదు, ట్రాక్టరు యజమానే పరిహారం ఇచ్చుకోవాలి. వినడానికి బాగుంది కదా? వెతికి చూస్తే పొలం ఆయన భార్య పేరు మీద, బట్టీ అల్లుడి పేరు మీద, ట్రాక్టరు ఫైనాన్సు వాళ్ళ పేరు మీద ఉన్నాయి. బులిరెడ్డి గారి పేరు మీద బులిరెడ్డి అన్న పేరు తప్ప ఏమీ లేదు.

ఆ వారమే పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త వేశారు, 'తొడ విరిగినా ఇటుక విరగలేదు' అని. ఆ మర్నాటి నుంచి బట్టీ ముందు జనం! కోర్టులో రుజువైన ఇటుక అని పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి కొనుక్కుపోయారు. బులిరెడ్డి గారు రేటు పెంచారు. ఇక్కడ ఏడుకొండలు గారు కర్ర పట్టుకుని పెరటి దాకా వెళ్ళి రావడానికి మూడుచోట్ల ఆగుతున్నారు. నేను ఇంకొంచెం వంగాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

మంగతాయారుకు కూడా మండింది. కానీ ఆవిడ మండుతూ కూర్చునే రకం కాదు. మొగుణ్ణి ఆటో ఎక్కించుకుని తిన్నగా బట్టీకి వెళ్ళింది. ఆవిణ్ణి చూడగానే బులిరెడ్డి గారు లోపలికి జారుకోబోయారు.

"పారిపోకండి. కోర్టు డబ్బులకి రాలేదు నేను," అంది.

ఆయన ప్రాణం కుదుటపడింది. "అలాగా! కూకోమ్మా, కూకో. మజ్జిగ తాగుతావా?"

"మీ ఇటుక ఇరగ్గొట్టిన కాలిని ఇన్నాళ్ళూ మోత్తోంది లోపలున్న కడ్డీ. డాక్టరు గారు దాన్ని తీసేత్తానంటన్నారు. తీసేక మాకెందుకండీ? అద్దాల పెట్టెలో పెట్టి మీ బల్ల మీద పెట్టుకున్నారనుకోండి, వచ్చినోడు బేరవాడతాడా? పక్క బట్టీ ఆయన అడిగేడు గానీ, దెబ్బ మీది గదా, ముందు మీకు చెప్పాలని వచ్చేను."

పక్క బట్టీ ఆయన అడగలేదు. ఆ మాట నాకూ తెలుసు, మా ఏడుకొండలు గారికీ తెలుసు. ఆయన నేల చూపులు చూశారు.

"ఎంతమ్మా?" అన్నారు బులిరెడ్డి గారు గొంతు తగ్గించి.

"ఆపరేషను కర్చు."

పరిహారం అంటే పైసా కూడా విదల్చని మనిషి, ప్రకటన అనేసరికి బొడ్లోంచి బీరువా తాళం తీశారు. న్యాయస్థానం కక్కించలేని డబ్బుని గొప్పల పిచ్చి కక్కించింది. ఆ విధంగా నేను ఇంకా తొడలో ఉండగానే అమ్ముడుపోయాను.

ఆపరేషను బాగా జరిగింది. నన్ను లాగేటప్పుడు నాకు ఏడుపొచ్చిన మాట నిజం. ఆయన తెలివితక్కువవాడే కావచ్చు, కానీ నా మనిషి. నా చోట్లోకి లావుపాటి కడ్డీ ఒకటి వెళ్ళింది. ఈసారి ఎముక అతికింది. ఏడుకొండలు గారు కర్ర వదిలేశారు. కొంచెం కుంటుతారు, అంతే.

నేను ఇప్పుడు బట్టీ ఆఫీసులో అద్దాల పెట్టెలో ఉన్నాను. కింద ఎర్ర మఖమలు గుడ్డ. శుక్రవారం శుక్రవారం బొట్టు కూడా పెడుతున్నారు. కొనడానికొచ్చిన ప్రతివాడికీ బులిరెడ్డి గారు నన్ను చూపించి, "మా ఇటుక దెబ్బకి స్టీలు కూడా వంగిపోయింది చూడండి!" అంటారు. ఇటుక పడ్డప్పుడు నేను అల్మారాలో ఉన్నాను మహాప్రభో! నేను వంగింది ఒక మనిషిని మోసి. ఎవరితో చెప్పుకోను?

మొన్న ఏడుకొండలు గారు ట్రాక్టరు పాలసీ తిరగరాయడానికి వచ్చారు. నన్ను చూసి ఒక్క క్షణం నిలబడ్డారు. కూర్చుని కలం తీసి, "ఈసారి ఇటుకల రవాణా అనే రాత్తానండి. ట్రాలీకి వేరే రాయాలి," అన్నారు. డబ్బు ఎంతవుతుందో చెప్పారు.

"అమ్మో! ఎందుకండీ అంత దండగ? ఎప్పట్లాగే పొలం పనని పడెయ్యండి. మీకు తెలీనిదా!" అన్నారు బులిరెడ్డి గారు నవ్వుతూ.

ఏడుకొండలు గారు తొడ మీద చెయ్యి వేసుకున్నారు. కలానికి మూత పెట్టారు. "రాయనండి," అన్నారు.

ఖాతాదారుడితో ఆ మాట ఆయన అనగా నేనెప్పుడూ వినలేదు. నాకు ఆయన్ని వాటేసుకోవాలనిపించింది. బులిరెడ్డి గారికి కోపం కూడా రాలేదు. ఫోను తీసి ఇంకో ఏజెంటుకి చేశారు. ఏడుకొండలు గారు కుంటుకుంటూ గేటు దాకా వెళ్ళేలోపే ఫోనులో పాలసీ వచ్చేసింది, పొలం పనికే, పాత ధరకే.

బయట లోడెత్తడం అయిపోయింది. ట్రాక్టరు కాలువ గట్టెక్కిన చప్పుడు వినిపిస్తోంది. ఆ మలుపులో బండి మీద ఎదురొచ్చేవాడు ఎవడో నాకు తెలియదు. పాపం, తన పాలసీలో ఏ గడిలో టిక్కు పడిందో వాడికీ తెలియదు. వాడి కొలత కడ్డీ మాత్రం ఈపాటికి ఏదో ఆసుపత్రి అల్మారాలో పడుకుని ఎదురుచూస్తూ ఉంటుంది.