అయిపోవచ్చింది

నేను ఒక తెల్లబోర్డుని. నల్లబోర్డుకున్న మర్యాద నాకెప్పుడూ లేదు లెండి. ప్రస్తుతం మెట్ల కింద గదిలో, కాళ్ళు విరిగిన బెంచీల మధ్య, గోడకి మొహం పెట్టి నిలబడి ఉన్నాను. ఇప్పుడు పిల్లలు పనుల చీటీలన్నీ కంప్యూటర్ తెర మీదే అతికిస్తున్నారట. వాళ్ళిష్టం. నాకేం బెంగ లేదు, అబద్ధమెందుకు, కొంచెం ఉంది.

పుట్టింది రాజమండ్రి అవతల ఒక రేకుల షెడ్డులో. చెక్క మీద తెల్లరేకు అతికించి చుట్టూ అల్యూమినియం అంచు కొట్టారు. మొదట ఓ ట్యుటోరియల్ కాలేజీలో ఆరేళ్ళు లెక్కలు మోశాను. అక్కడి మాస్టార్లు నన్ను చొక్కా చేతుల్తోనే తుడిచేవారు. అది మూతపడ్డాక ఈ యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబుకి చేరి, రత్నమాల మేడమ్ చేతిలో పడ్డాను.

ఆవిడ నా మీద నిలువుగా రెండే గీతలు కొట్టింది. మూడు గళ్ళు: చెయ్యాలి, చేస్తున్నాం, అయిపోయింది. పసుపు చీటీ మీద ఒక్కో పని రాసి అతికించాలి. పని నడిచేకొద్దీ చీటీ కుడివైపుకి జరగాలి. "ఎజైల్ అంటే, అదే ఈ చీటీల పద్ధతి, బ్రహ్మవిద్యేం కాదర్రా" అనేది. "కొంచెం కట్టండి, వాడేవాళ్ళకి చూపించండి, తిట్లు తినండి, దిద్దుకోండి. రెండు వారాలకోసారి ఇదే పని." రోజూ పొద్దున్న తొమ్మిదింటికి అందరూ నా ముందు నిలబడే మాట్లాడాలి. కూర్చుంటే కబుర్లు పెరుగుతాయని ఆవిడ భయం.

మన పిల్లల సంగతి మీకు తెలియందేముంది! ఎవర్నడిగినా ఒకటే జవాబు: "అయిపోవచ్చింది మేడమ్." అబ్బో, ఆ మాటంత గడుసుమాట ఇంకోటి లేదు. మొదలెట్టని పనీ అయిపోవచ్చిందే, ముప్పాతిక అయిన పనీ అయిపోవచ్చిందే. మేడమ్‌కి ఒళ్ళు మండేది. "అయిపోవచ్చింది అనే గడి నా బోర్డు మీద లేదు. అయిందా, అవలేదా? అది చెప్పండి."

ఆ ఏడు వాళ్ళు యాప్ కట్టింది క్యాంటీన్ చిట్టెబ్బాయి కోసం. ఆయన "రెండు పెసరట్టుప్మా, ఒకటి అల్లం లేకుండా!" అని కేకేస్తే రెండో అంతస్తులో ఉన్న నాకు వినపడేది. అలాంటి గొంతుకి కేన్సరొచ్చింది. విశాఖలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తామన్నారు, నెల గడువుంది. భార్య మంగతాయారుకి చూపు లేదు. కాగితం మీద రాసి చూపిద్దామన్నా కుదరదు. ఆ ఇంట్లో ఆలుమగల మధ్య ఉన్నది మాటొక్కటే.

అందుకని ఆయన రోజూ అనే మాటలన్నీ ముందే చెప్పించి దాచాలనుకున్నారు. తర్వాత ఫోన్లో మీట నొక్కితే ఆయన గొంతే పలుకుతుంది. ఆ గొంతు దాచే చీటీ తనూజకి పడింది. మూడో సంవత్సరం పిల్ల, పనిమంతురాలే.

దాచేది క్లౌడ్‌లో. మబ్బనుకునేరు, ఎక్కడో ఎవరో అద్దెకిచ్చే కంప్యూటర్లవి. పిల్లలు తీసుకున్నది ఉచితంగా ఇచ్చేది. కాసేపు ఎవరూ పలకరించకపోతే అది పడుకుంటుంది. లేచేసరికి, సత్రం గది ఊడ్చినట్టు, లోపల పెట్టిన ఫైళ్ళన్నీ పోతాయి. శాశ్వతంగా దాచే చోటు వేరే ఉంది, అక్కడికి పంపడానికి ఇంకో నాలుగు లైన్లు రాయాలి. తనూజకి ఆ సంగతి తెలుసు. సోమవారం రాద్దాం, అందాకా ఏం కాదులే అనుకుంది.

శుక్రవారం పొద్దున్న మేడమ్ అడిగింది. "అయిపో..." అని నీళ్ళు నమిలింది తనూజ. వెనకనుంచి ఎవరో "...వచ్చింది!" అని అందించారు. అంతా గొల్లుమన్నారు. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. విసురుగా వచ్చి చీటీ పీకి మూడో గడిలో అతికించేసింది. "అయిపోయింది మేడమ్." అవలేదని నాకు తెలుసు, చెప్పడానికి నాకు నోరేదీ?

నెల గడువూ అయిపోయింది, సోమవారమే ఆపరేషన్. శనివారం చిట్టెబ్బాయిని కూర్చోబెట్టి రెండు గంటలు చెప్పించారు. అప్పటికే బొంగురు గొంతు. నూట పన్నెండు మాటలు. తనూజే పక్కన కూర్చుని ఒక్కోటీ మళ్ళీ వినిపించింది. అన్నీ పలికాయి. ఫోన్లో ఇంకో కాపీ ఉంచుకోవాలని ఒక్కరికీ తోచలేదు. చీటీ మూడో గడిలో ఉంటే ఎవరికి మాత్రం తోస్తుంది చెప్పండి!

ఆదివారం యాప్ తెరిచినవాళ్ళు లేరు. సోమవారం తొమ్మిదింటికి నా ముందు తెరిచారు. తెర మీద మాటల పేర్లు నూట పన్నెండూ ఉన్నాయి, నొక్కితే ఒక్కటీ పలకలేదు. మేడమ్ వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసింది. ఎనిమిదింటికే ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారన్నారు. తనూజ వచ్చి మూడో గడిలోంచి ఆ చీటీ పీకేసింది.

రెండు నెలల తర్వాత ఆఖరి ప్రదర్శనకి చిట్టెబ్బాయి వచ్చాడు, మెడకి గుడ్డ కట్టుకుని, భార్య చెయ్యి పట్టుకుని. తప్పెక్కడ జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో మేడమ్ ఆయనకి ఆస్పత్రిలోనే చెప్పేసింది. మంగతాయారుకి మాత్రం ఎవరో అమ్మాయి చెరిపేసిందనే తెలుసు. పిల్లలు ఇప్పుడు యాప్‌లో యంత్రం గొంతు పెట్టారు. మంగతాయారు చెవి ఒగ్గి వింది. తల అడ్డంగా ఊపింది.

"ఇది వద్దమ్మా. ఎవరో పరాయి మగాడు ఇంట్లో తిరుగుతున్నట్టుంది."

చిట్టెబ్బాయి మార్కరు తీసుకుని నా మీద రాయడం మొదలెట్టాడు. కిరకిర చప్పుడు విని ఆవిడ, "ఏం రాస్తున్నారో ఎవరైనా చదివిపెట్టండమ్మా" అంది. నాకు దగ్గరగా ఉన్నది తనూజ. చదివింది.

"ఏమే, పిల్లలు కష్టపడ్డారు. ఏమీ అనకు."

"నేనేమంటానండీ? ఆ చెరిపేసిన అమ్మాయెవరో ఉంటే ఒక్కమాట అడగాలనుంది, అంతే."

ఆయన తనూజ వంక చూశాడు. మళ్ళీ రాశాడు.

"చదువమ్మా" అంది ఆవిడ.

"ఆ అమ్మాయి... ఇవాళ రాలేదు." చదివేసి, రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. "అలా రాశారు పిన్నీ. కానీ వచ్చింది. నేనే. అవలేదని తెలిసీ అయిపోయిందని చెప్పాను."

చిట్టెబ్బాయి చెయ్యి నా మీదే ఆగిపోయింది. నాకు గుండె ఉంటే అప్పుడు పగిలేదే. మంగతాయారు గాలిలో తడుముతూ ఆ పిల్ల చెయ్యి అందుకుంది. తిడుతుందనుకున్నాను, నిజంగా.

"ఆయన మాటలు దాచింది నువ్వైతే, అవన్నీ విన్నదీ నువ్వేగా అమ్మా? నాకేమేం చెప్పారో చెప్పు."

తనూజ ఆవిడ పక్కన కూర్చుంది. ముక్కు తుడుచుకుంది. "కాఫీలో పంచదార మర్చిపోయావే అన్నారు... గుమ్మం తడిగా ఉంది, నెమ్మదిగా రా అన్నారు... వానొస్తోంది, బట్టలు నేను తీస్తాలే, నువ్వు కూర్చో అన్నారు... ఏమే, పడుకున్నావా అన్నారు..."

ఒక్కో మాటకీ ఆవిడ "ఊఁ" అంటోంది, ఆయనకి బదులు చెప్తున్నట్టే. చిట్టెబ్బాయి అటు తిరిగి నిలబడ్డాడు. ముప్పై దాకా చెప్పింది తనూజ. ఆ పైన ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.