మెత్తటి బ్రేకు

అమ్మాన్‌లో బయాదర్ వీధుల్లో అందరూ అబూ నాయెఫ్ అని పిలిచే ముహన్నాకి బ్రేకుల పనిలో ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం. అందులో ముప్పై ఏళ్లు "తప్పు నాదే" అని ఎవరి ముందూ అనాల్సిన అవసరం రాలేదు. మిగిలిన ఏడాది సంగతి ఆయన ఎత్తడు. ఊళ్లో కరెంటు కార్లు పెరిగిపోయి ఇంజను మెకానిక్కులు ఈగలు తోలుకుంటుంటే, ఆయన మాత్రం "ఏ బండైనా ఆగాలి కదా" అని మీసం దువ్వుకునేవాడు.

అలాంటి మనిషికి హియామ్ కారు కొరుకుడు పడలేదు. ఆమె ఇల్లు కొండ మీద మర్జ్ అల్ హమామ్‌లో, ఆమె లెక్కలు చెప్పే బడి కింద మృతసముద్రం దగ్గర. రోజూ దిగాలి, ఎక్కాలి. రెండు వారాల కిందట ముందు చక్రాల్ని నొక్కి ఆపే క్యాలిపర్లు బిగుసుకుపోతే, ముహన్నా జర్కాలోని తుక్కు కొట్టు నుంచి ఒక జత తెప్పించి బిగించాడు. అప్పట్నుంచి పెడలు మెత్తబడింది. నొక్కితే నానిన రొట్టె మీద కాలు వేసినట్టు దిగిపోతోంది.

మూడుసార్లు తీసుకొచ్చింది. మూడుసార్లూ ఆయన బ్రేకు గొట్టాల్లోని గాలి తీశాడు, సీసాలకి సీసాలు కొత్త బ్రేక్ ఆయిల్ పోశాడు. కంప్యూటర్ పెట్టించి చూస్తే అది ఏ లోపమూ లేదంది. మూడోసారి ఆమె మొగుడు రాతిబ్ ఎదుట ముహన్నా తీర్పు చెప్పేశాడు.

"కరెంటు బండి గుణమే అంతమ్మా. ఆపే పని సగం మోటారే చేసేస్తుంది, పెడలు మెత్తగానే ఉంటుంది. దానికి తోడు నీ కాలు మరీ మెత్తన."

రాతిబ్ నవ్వాడు. హియామ్ నవ్వలేదు.

"పోయిన నెల కూడా ఇదే కాలు, అబూ నాయెఫ్" అని తాళం తీసుకుని వెళ్లిపోయింది.

గురువారం సాయంత్రం కొట్టు కట్టేసే ముందు ముహన్నా ఇంకో బండి కోసం తెప్పించిన జత విప్పాడు. అదే తుక్కు కొట్టు, అదే సుద్ద రాత: ఒకదాని మీద కుడి, ఒకదాని మీద ఎడమ. కుడి అని రాసినదాన్ని ఆ బండి కుడి చక్రానికి ఆనించి చూశాడు. గాలి తీసే నిపిల్ కిందికి వచ్చింది. ఎడమ చక్రం దగ్గరికి వెళ్లి ఆనించాడు. పైకి వచ్చింది.

తుక్కు కొట్టువాడు బండికి ఎదురుగా నిలబడి కుడి ఎడమలు రాశాడు. డ్రైవరు సీట్లో కూచున్నట్టు రాయాలని వాడికెవరూ చెప్పలేదు. గాలి పైకి పోతుంది, కిందున్న నిపిల్ నుంచి ఏడాది పాటు తీసినా రాదు. ఇది పనిలో చేరిన మొదటి రోజు నేర్చుకునే సంగతి. హియామ్ కారుకి నిపిల్ కింద కనబడినప్పుడు తనేమనుకున్నాడో ముహన్నాకి బాగా గుర్తుంది. ఈ కరెంటు బళ్లు చేసేవాళ్లెవరో గాని, మెకానిక్కు మెడ నొప్పి పుట్టకుండా అన్నీ అందేలా పెట్టారు అనుకున్నాడు. పైకి కూడా మెచ్చుకున్నాడు.

వెంటనే హియామ్ ఇంటికి ఫోన్ చేశాడు. రాతిబ్ ఎత్తి, రేపు పొద్దున్నే అందరం సముద్రం దగ్గరికి పోతున్నాం, శనివారం మాట్లాడదాం అన్నాడు. బ్రేకు అనే మాట ముహన్నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఈ రెండు వారాల్లో ఆయన ఆపినవాటిలో అదొక్కటే సరిగ్గా ఆగింది.

శుక్రవారం ఏడింటికల్లా పనిముట్ల పెట్టెతో వాళ్లింటికి చేరాడు. వాకిట్లో కారు, డిక్కీలో బొగ్గుల సంచి, పుచ్చకాయ. పిల్లలిద్దరూ అప్పుడే వెనక సీట్లో కూచుని కిటికీ కోసం కొట్టుకుంటున్నారు.

"ఒక్క గంట బండి ఇవ్వమ్మా, చిన్న పని మిగిలిపోయింది" అన్నాడు లోపలికెళ్లి.

"దాని గుణమే అంతన్నారుగా. శనివారం తెస్తాన్లెండి" అంది హియామ్.

రాతిబ్ కాఫీ పోసిచ్చాడు. ముహన్నా కప్పు అందుకుని, తాగకుండా ఎదురుగా బల్ల మీద పెట్టేశాడు.

గదిలో అందరూ ఆ కప్పు వైపే చూశారు. అలా కాఫీ పక్కన పెట్టేది పిల్లనడగడానికి వచ్చిన పెద్దలు, లేదంటే ప్రాణం పోయిన ఇంటికి రాజీకి వచ్చిన పెద్దలు. అడిగింది ఇస్తామనేదాకా వాళ్లు ముట్టరు.

"మా ఇంట్లో పెళ్లీడు పిల్లలెవరూ లేరే నాయనా" అంది రాతిబ్ తల్లి.

"కారు తాళం కోసం వచ్చాను పెద్దమ్మా."

"కాఫీ పెట్టేసినవాళ్లు ఎందుకొచ్చారో కూడా చెప్పాలి" అంది హియామ్.

ముహన్నా అది చెప్పకుండా ఇంకోటి అడిగాడు. "ఛార్జింగు ఎంతుంది?"

"వందకి వంద. నేనే పెట్టాను" అన్నాడు రాతిబ్ గొప్పగా.

హియామ్ మొగుడి వైపు తిరిగింది. "నేనెప్పుడూ డెబ్బై దాటనివ్వను. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంక కరెంటు ఎక్కదు, దిగుడులో మోటారు బండిని పట్టుకోదు. రెండు వారాలుగా నేను దిగుతున్నది మోటారు మీద, ఆ బ్రేకు మీద కాదు."

"మరి మాతో చెప్పొద్దూ?" అన్నాడు రాతిబ్.

"చెప్పాను. కాలు మెత్తన అన్నారు."

బయట పిల్లల కేకలు వినబడుతున్నాయి. ముహన్నాకి సిగ్గేసింది, అంతకంటే భయమేసింది.

"నీ కాలు కాదమ్మా. క్యాలిపర్లు నేనే తారుమారుగా బిగించాను, కుడిది ఎడమకి, ఎడమది కుడికి. లోపల గాలి అలాగే ఉండిపోయింది. తప్పు నాదే."

హియామ్ లేచి వెళ్లింది. తాళం తెచ్చి కప్పు పక్కన పెట్టింది.

"తాగండి, అబూ నాయెఫ్."

చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగి లేచాడు.

పిల్లల్ని దింపి, జాకీ పెట్టి, కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చాడు. పెడలు తొక్కుతానని రాతిబ్ వస్తే హియామ్ జరగమని, తనే కూచుంది.

"నొక్కు."

"నొక్కాను."

"పట్టు. పట్టుకునే ఉండు."

నిపిల్ వదులు చేయగానే జలుబు చేసిన ముక్కు చీదినట్టు బుడగలు బయటికొచ్చాయి. అలా పదిసార్లు చేశాక ఉత్త ఆయిలే వచ్చింది. రెండో పక్కా అంతే. ఆఖర్న పెడలు సగంలోనే గట్టిగా నిలబడింది. హియామ్ మళ్లీ నొక్కింది, ఇంకోసారి నొక్కింది. స్టీరింగు మీద తల ఆనించింది.

ముహన్నా చేతులు కడుక్కుని పెట్టె ఎత్తుకున్నాడు.

"ఎక్కడికి? ముందు సీట్లో కూచోండి. పిల్లల్ని ఎక్కించే ముందు దిగుడు దాకా వెళ్లొద్దాం" అంది.

"నాకు పనుందమ్మా."

"శుక్రవారం, సెలవు పూటా?"

కూచున్నాడు. బండి నున్నగా దిగుడులోకి దిగింది. నిండు బ్యాటరీ, మోటారు పట్టుకోలేదు, వేగం పెరిగింది. మొదటి మలుపు దగ్గర హియామ్ బ్రేకు నొక్కేలోపే, పెడలు లేని చోట ముహన్నా కుడికాలు నేలని బలంగా తొక్కింది.

బండి గీత గీసినట్టు ఆగింది. ఆయన కాలు ఇంకా అక్కడే బిగుసుకుని ఉంది. హియామ్ దాని వైపు చూసింది.

"మెత్తగా ఉందా?" అని అడిగింది.