పలచగా వేసిన పూత

వీధిలో అందరూ ఆయన్ని పళ్ళాయన అంటారు. అరటిపళ్ళో జామపళ్ళో అమ్ముతాడని కాదు, కట్టుడు పళ్ళు చేస్తాడని. పంటి డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే ఒక చిన్న గదిలో కూర్చుని వాటిని బట్టి సెట్లు తయారు చేస్తాడు. పొద్దున పెట్టుకుంటే మాట్లాడుతున్నప్పుడు జారిపోకూడదు, రాత్రి తీసి గ్లాసులో వేసుకోవాలంటే కుస్తీ పట్టకూడదు. ఏళ్ళ తరబడి అదే పనిచేస్తే మనిషి బుర్ర కూడా ఆ అచ్చులోనే పోతపోసినట్టవుతుంది కాబోలు. ఏ ఏర్పాటైనా సరే, రేపు తీసేయాల్సి వస్తే ఇబ్బంది లేకుండా వచ్చేయాలన్నది ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతంతోనే ఎనిమిదేళ్ళ క్రితం ఈ ఇంట్లో కాలు పెట్టాడు. భర్త పోయిన ఒక టీచరమ్మని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడకి అప్పటికే పద్నాలుగేళ్ళ కూతురు. వచ్చినరోజు ఒక నీలం రంగు బ్యాగు పట్టుకొచ్చి మంచం పక్కన పెట్టాడు. ఆ బ్యాగు ఇప్పటికీ అక్కడే ఉంది. ఆయన చొక్కాలు అందులోంచే వస్తాయి, ఉతికి మడతపెట్టాక అందులోకే పోతాయి. బీరువాలో కింది అర ఖాళీగా ఉంటుంది. అది పోయినాయన అర. అందులో పరిచే కాగితం కూడా ఏడాదికోసారి మారుతూ ఉంటుంది. అంత భక్తిగా ఖాళీగా ఉంచుకున్న చోట తన బనియన్లు పెట్టడానికి ఆయనకి చేతులు రాలేదు. పిల్ల దగ్గరా అంతే. జ్వరమొస్తే మందులు తెచ్చాడు, వానొస్తే గొడుగు పట్టుకుని స్కూలు గేటు దగ్గర నిలబడ్డాడు, కానీ ఒక్కరోజు కూడా గట్టిగా కోప్పడలేదు, దగ్గరకి తీసుకోలేదు. అంటీ ముట్టనట్టు ఉండటమే మర్యాద అనుకున్నాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది. వాళ్ళ మర్యాదకి ఎదుటివాళ్ళు చలికి వణుకుతున్నారన్న సంగతి వాళ్ళకి తట్టదు.

ఇక కారు సంగతి. అది పిల్ల తండ్రిది. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆదివారం వస్తే చాలు, పాత టూత్‌బ్రష్ పట్టుకుని వెండిలా మెరిసే ఆ చక్రాల ముందు చతికిలబడేవాడట. ఆయన పోయాక వాటిని అంత ముద్దు చేసేవాళ్ళు లేక బురద పట్టి, బ్రేకుల మసి పట్టి మచ్చలు తేలాయి. మూడేళ్ళ క్రితం పళ్ళాయన నోరు జారి, "రంగేయిద్దామా?" అన్నాడు. పిల్ల ఒంటికాలి మీద లేచింది. "మా నాన్న చక్రాలకి రంగెయ్యడానికి మీరెవరు?"

అప్పుడాయన ఎక్కడో విని రబ్బరు స్ప్రే డబ్బాలు పట్టుకొచ్చాడు. రంగులాగే కొడతారు, ఆరితే రబ్బరు పొరలా చక్రాన్ని కప్పుకుని ఉంటుంది, అక్కర్లేదనుకున్నరోజు తొక్క ఒలిచినట్టు ఒలిచేయొచ్చు. "నువ్వెప్పుడు అడిగితే అప్పుడు తీసేస్తాను. కింద మీ నాన్న చక్రాలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. మాటిస్తున్నాను" అన్నాడు. పిల్ల చాలాసేపు ఆలోచించి సరేనంది. ఆయన ఆ మధ్యాహ్నమే నాలుగు చక్రాలకీ, కిటికీల కింద మెరిసే పట్టీకీ నల్లగా కొట్టేశాడు. ఎలాగూ తీసేసేదే కదా, పలచగా వేస్తే తేలిగ్గా వస్తుందని రెండంటే రెండే పూతలు వేశాడు. మిగిలిన డబ్బాలు అటక మీద పెడుతుంటే ఎంత తెలివిగా చేశానో అనుకున్నాడు కూడా.

ఇప్పుడు పిల్లకి వేరే ఊళ్ళో ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. సోమవారం ప్రయాణం, కారు తనే నడుపుకుంటూ వెళ్తుంది. శుక్రవారం సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆ నల్లది తీసేయండి. నాన్న బండి నాన్న బండిలాగే తీసుకెళ్తాను" అంది. పళ్ళాయన మనసులో ఏదో కలుక్కుమంది. అయినా, "రేపు పొద్దున్నే" అన్నాడు.

శనివారం పొద్దున ముందు చక్రం దగ్గర పీట వేసుకుని కూర్చుని అంచులో గోరు గుచ్చి లాగాడు. వేరుశనగ పొట్టంత ముక్క ఊడింది. ఇంకోచోట లాగితే ఇంకో పొట్టు. మిగతాదంతా చక్రాన్ని పట్టుకుని ససేమిరా అంది. ప్లాస్టిక్ చెంచాతో గీరాడు, భార్య జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి వేడిగాలి కొట్టాడు. గంట గడిచేసరికి అరచేయంత జాగా కూడా తేలలేదు.

"పెట్రోలు గుడ్డతో తుడిచి చూడండి" అంది భార్య. చూశాడు. పొర కరిగి జిగటగా మారి, కాటుక నలిపినట్టు చక్రమంతా పాకింది. ఆవిడ తెల్ల తువ్వాలు ఇక తువ్వాలుగా పనికిరాకుండా పోయింది. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, మొగుడి మొహం చూసి లోపలికి వెళ్ళింది.

అప్పుడే పిల్ల బయటికొచ్చింది. చక్రం చూసింది.

"ఎప్పుడడిగితే అప్పుడన్నారు."

"అన్నాను."

"ఇన్నేళ్ళలో మిమ్మల్ని నేనేమీ అడగలేదు. ఇదొక్కటే అడిగాను."

అరిచుంటే బాగుండేది. మెల్లగా అంది. ఈ ఇంట్లో ఆయన ఇచ్చిన మాటంటూ ఉంటే అదొక్కటే. సోమవారం లోపల అది నిలబెట్టుకోలేకపోతే, ఈ పిల్ల జీవితాంతం ఆ కారెక్కే ముందు మచ్చల చక్రం చూసినప్పుడల్లా తన మాట విలువెంతో గుర్తు చేసుకుంటుంది. చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా రంగుల షాపుకి బయల్దేరాడు.

షాపావిడ గల్లాపెట్టె వెనక ఫ్యాను కింద కూర్చుని విసుగ్గా వింది. "ఎన్ని పూతలేశారు?"

"రెండు."

"పిసినారితనమా?"

"కాదండీ. తీసేటప్పుడు తేలిగ్గా ఉంటుందని."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసి ఇంత నవ్వు నవ్వింది. "భలేవారే. పలచగా వేసిందే ఉడుంపట్టు పడుతుందండీ. మందంగా ఉంటేనే పట్టుకుని లాగడానికి ఏదన్నా ఉంటుంది. అసలే మూడేళ్ళయిందంటున్నారు. దీని ఆయుష్షే అంత. ఎండకీ వేడికీ పెళుసెక్కిపోయుంటుంది."

"గీకేయమంటారా?"

"గీకితే కిందున్నది కూడా పోతుంది. దాని మీదే మళ్ళీ వేయండి, బాగా మందంగా, ఆరనిచ్చి ఆరనిచ్చి ఐదారు పూతలు. కొత్తది పాతదాన్ని మెత్తబరిచి తనలో కలుపుకుంటుంది. రేపు పొద్దున రెండూ కలిసి ఒకే తొక్కలా రావాలి."

"రాకపోతే?"

"రాకపోతే వచ్చి నన్ను తిట్టిపోండి" అని డబ్బాలు సంచిలో వేసిచ్చింది.

తిరిగొచ్చి సంగతి చెబితే పిల్ల నమ్మలేదు. "తీసేయమంటే ఇంకా పూస్తానంటారేంటి?"

ఆయన తన పని అడ్డం పెట్టుకున్నాడు. "నోటి అచ్చు తీసే ముద్ద ఉంటుంది చూశావా, అది పలచనైతే లాగేటప్పుడు చిరిగి పళ్ళ సందుల్లో ఉండిపోతుంది. మందంగా కలిపితే ఒక్క ముద్దగా ఊడొస్తుంది. నాకీ సంగతి ఎప్పట్నుంచో తెలుసు."

"తెలిసి కూడా రెండు పూతలేనా?"

"పనిలో ఉన్నప్పుడు తెలుసు. ఇంట్లో తోచలేదు."

పిల్ల లోపలికెళ్ళి పాత పేకముక్కల కట్ట తెచ్చింది. టైరుకి రంగు అంటకుండా చక్రానికీ టైరుకీ మధ్య సందులో చుట్టూ పేకముక్కలు గుచ్చాలి. మూడేళ్ళ క్రితం ఆయన ఒక్కడే గుచ్చుకున్నాడు. ఇప్పుడు ఆమె వరసగా గుచ్చుతుంటే ఆయన ఒక్కో చక్రాన్నీ, కిటికీల కింద పట్టీనీ సబ్బునీళ్ళతో కడిగి తుడిచి, డబ్బా గలగలలాడించి కొట్టడం మొదలుపెట్టాడు. ఒక పూత వేసి ఆరేదాకా అరుగు మీద కూర్చోవడం, లేచి మళ్ళీ వేయడం. పనిలో పడితే మాట తేలికవుతుంది. మొహాలు చూసుకోనక్కర్లేదు కదా.

"తేలిగ్గా తీసేయొచ్చనే పలచగా వేశారా?" అంది పిల్ల, చక్రం వైపే చూస్తూ.

"అవును."

"బ్యాగు కూడా అందుకేనా?"

డబ్బా ఆయన చేతిలో ఆగిపోయింది. "ఏ బ్యాగు?"

"మీ నీలం బ్యాగు. మంచం పక్కన. రాత్రి నిద్రలేస్తే ముందు వెళ్ళి అదుందో లేదో చూసేదాన్ని. చానాళ్ళు చూశాను."

"ఎందుకు?"

"ఉంటే మీరున్నట్టు. అయినా అది సర్దుకున్న బ్యాగు కదా, ఎప్పుడైనా వెళ్ళిపోతారనిపించేది. అర ఖాళీ చేసిచ్చినా మీరు బ్యాగు విప్పలేదు."

"ఏ అర?"

"బీరువాలో కిందది. మీరొచ్చే ముందు రోజు నేనే ఖాళీ చేశాను. అమ్మ చెప్పలేదు, నేనే. నాన్న బట్టలు పైకి మార్చి, కింద కాగితం పరిచాను. ప్రతి ఏడూ మారుస్తూనే ఉన్నాను. మీకు మా ఇంటి బీరువా కూడా పనికిరాలేదనుకున్నాను."

పళ్ళాయన డబ్బా కింద పెట్టేశాడు. ఎనిమిదేళ్ళుగా పోయినాయన గుర్తుగా దాచుకున్నారనుకుని చెయ్యి కూడా పెట్టని ఆ అర, తన కోసం పద్నాలుగేళ్ళ పిల్ల కుస్తీపడి ఖాళీ చేసినది. తండ్రి చొక్కాలు తన చేతులతో తీసి పక్కన పెట్టడానికి ఆ పిల్ల మనసు ఎంత చిక్కబట్టుకుని ఉంటుందో. తనేమో మంచం పక్కన సర్దుకున్న బ్యాగు పెట్టుకుని మర్యాదస్తుణ్ణని మురిసిపోయాడు. ఆయనకి ఏడుపొచ్చింది, సిగ్గేసింది.

"అది మీ నాన్న కోసం అట్టిపెట్టారనుకున్నానే" అన్నాడు.

పిల్ల తలెత్తి ఆయన్ని చూసింది. కోపం తెచ్చుకుందామని చూసి, కుదరక నవ్వింది. "ఖాళీ అర పెట్టుకుని నాన్నేం చేసుకుంటాడు?"

ఆఖరి పూతలు ఆయన ఎంత మందంగా వేశాడంటే, కారిపోతుందేమోనని పిల్లే ఆపాల్సి వచ్చింది.

ఆదివారం పొద్దున ముగ్గురూ కారు చుట్టూ చేరారు. పెట్రోలు పాకిన చక్రంతోనే మొదలుపెట్టాడాయన, పరువు పోయిందీ అక్కడే కాబట్టి. పేకముక్కలు తీసేసి, అంచు దగ్గర బొటనవేలితో మెల్లగా నలిపాడు. కొస లేచింది. రెండు వేళ్ళతో పట్టి లాగాడు. సాగింది, కానీ తెగలేదు. చేతి తొడుగు విప్పినట్టు, ఊచ వెంట ఊచ, పాత మసీ పెట్రోలు మరకా అన్నీ పట్టుకుని పొరంతా ఒక్కటిగా ఆయన చేతుల్లోకి వచ్చేసింది. కింద వెండి చక్రం. పిల్ల కింద కూర్చుని అంచు మీద ఒక గీత వెతికి పట్టుకుంది. నాన్న అమ్మకి కారు నేర్పుతున్నప్పుడు గోడకి రాసుకుని పడిన గీత అది. అలాగే ఉంది.

"ఆ రోజు మీ నాన్న మొహం చూడాల్సింది" అంది వాళ్ళమ్మ, అంటూనే కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

పళ్ళాయనకి గుండెల మీద బరువు దిగింది. పీట జరుపుకుని రెండో చక్రం అంచు మీద వేలు పెట్టాడు.

"ఆగండి" అంది పిల్ల. "మిగతావి ఉండనివ్వండి."

"అదేంటి? తీసేయమన్నావుగా."

"వస్తుందని తెలిసింది కదా. చాలు. అక్కడ రోడ్లన్నీ బురద. కింద భద్రంగా ఉంటాయి."

"ఒకటి తెల్లగా, మూడు నల్లగా. చూసినవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనివ్వండి. ఇది నేనెక్కే వైపుది, నాకు కనిపిస్తే చాలు. అంచులు లేవడం మొదలుపెట్టగానే తీసుకొస్తాను. మీరే తీయాలి, మళ్ళీ మీరే వేయాలి. పలచగా మాత్రం వేయకండి."

"వేయను" అన్నాడాయన. ఇది రెండో మాట.

ఆ సాయంత్రం పిల్ల సామాను సర్దుకుంటూ గదిగదికీ తిరిగింది. చివరికి పడగ్గది గుమ్మంలో నిలబడి, "నాకింకో బ్యాగు కావాలి, పుస్తకాలు పట్టడం లేదు. మీది ఇవ్వండి" అంది.

పళ్ళాయన ఆమె మొహం చూశాడు. మొహంలో ఏమీ లేదు, బ్యాగు అవసరమైన మనిషి మొహమే. ఆయన మంచం మీద కూర్చుని జిప్పు లాగి చొక్కాలు, పంచెలు, షేవింగ్ సెట్టు ఒక్కొక్కటే బయట పెట్టాడు. బ్యాగు దులిపి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆయన చొక్కాల దొంతర ఒళ్ళో పెట్టుకుని కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత నేల మీద కూర్చుని బీరువా తెరిచి, కింది అరలో కొత్తగా పరిచిన కాగితం మీద వాటిని సర్దుకున్నాడు. బ్యాగు ఎప్పుడు తిరిగిస్తావని ఆయన ఆ రాత్రి గానీ, పొద్దున కారు కదిలేటప్పుడు గానీ అడగలేదు.