గాలి పంచుకున్న గంటలు

అత్తయ్య తాగిన గ్లాసును నేను పొద్దుట్నుంచి నాలుగోసారి నీళ్ళలో మరగబెడుతుంటే, మా ఆయన వంటగది గుమ్మంలోంచే అన్నాడు, "ఇంకో పొంగు రానీ. నీకంటుకుంటే ఇల్లెవరు చూస్తారు?"

ఆమెకు ఊపిరితిత్తుల టీబీ అని తేలి మూడు రోజులైంది. రెండు నెలల దగ్గును దుమ్ము మీదికి నెట్టేశాం. మా ఇంటి ముందు గదే కొట్టు, దారాలు, బొత్తాలు అమ్ముతాం. సరుకు మాసిపోతుందని ఆయన కిటికీలు తెరవనివ్వడు.

మధ్యాహ్నం ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి, పరీక్షకు ఎవరెవరు రావాలో రాసుకుంది.

"నేను, తమ్ముడు, పిల్లలిద్దరు," అన్నాడాయన.

"మరి ఈవిడ?"

"తనకేం, రాయిలా ఉంది. తనూ వస్తే కొట్లో ఎవరుంటారు?"

నర్సు నవ్వలేదు. "ఇది గ్లాసులతో రాదండీ. దగ్గితే గాలిలోకి వస్తుంది. మూసిన గదుల్లో ఆమెతో ఎక్కువసేపు ఎవరున్నారో వాళ్ళను చెప్పండి. రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్ళుంటే ముందు వాళ్ళను."

లెక్క నాకు చేతనైన పని. మరిది రోజుకు పది నిమిషాలు, "ఎలా ఉందమ్మా" అనేంతసేపు. మా ఆయన అరగంట, అదీ పేపరు చాటున. నేను పగలు కొట్లో ఆమె పక్కన తొమ్మిది గంటలు, రాత్రి ఆమె మంచం పక్కనే చాప మీద ఏడు. అంత గాలి పీల్చిన నేనే జాబితాలో లేను. జాబితాలో లేని మనిషి ఇంకొకరూ ఉన్నారు. వెనక గదిలో బట్టలు కుట్టే మిషనక్క. ఆమెతో కబుర్లాడందే అత్తయ్యకు పొద్దుపోదు, రోజూ నాలుగు గంటలు. ఆ అక్కా మూడు వారాలుగా దగ్గుతోంది. ఇంటికెళ్ళి నెలల మనవణ్ణి ఎత్తుకుంటుంది.

నర్సు సంచి సర్దుకుంటోంది. నేను ఆమె దారికి అడ్డం వెళ్ళాను.

"నా పేరు రాయండి. కుట్టే ఆవిడ పేరు కూడా."

"ఆవిడ మా ఇంటి మనిషి కాదు," అన్నాడాయన గబగబా. నర్సు రెండు పేర్లూ రాసుకుని వెళ్ళింది.

"బుద్ధుందా నీకు? వీధంతా తెలిస్తే కొట్లో ఈగలు తోలుకోవాలి. దగ్గు అందరికీ వస్తుంది. ఆ కుట్టే ఆవిడకు మాత్రం ఏం చెప్పకు." అన్నాడాయన."

లోపల్నుంచి అత్తయ్య, ఆయాసపడుతూ, "చెప్పవే. లేవగలిగితే నేనే చెప్పేదాన్ని," అంది.

నేను వెనక గదిలోకి నడిచాను. ఆయన నా వెనకే గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"మిషను ఆపక్కా."

ఆమె తల ఎత్తలేదు. "పెద్దావిడకు ఉబ్బసమటగా. నిన్ననే మీ ఆయన చెప్పాడులే."

"అబద్ధం చెప్పాడు," అన్నాను. "టీబీ. ఆర్నెల్లు మందు మింగితే పోతుంది. రేపు పొద్దున మనిద్దరం పరీక్షకు వెళ్తున్నాం, మనవణ్ణి కూడా తీసుకురా."