సాయినాథ్ గొంతు

నాకు అనుమానమెక్కువ. "నువ్వు టీచరెట్లయినావే, పోలీసు కావాల్సినదానివి" అంటాడు మా ఆయన.

కరోనాకు ఎమ్మిగనూరులో మా బడి మూసేశాక, ఆదోనిలో ఇంట్లోనే కూర్చుని ఎనిమిదో తరగతికి ఫోన్లో సైన్సు చెప్పేదాన్ని. సగం మంది హాజరు పలికి మాయమయ్యేవాళ్లు. మగ్గం నేసే తిక్కయ్య కొడుకు సాయినాథ్ మాత్రం ఏదడిగినా టక్కున చెప్పేవాడు. మొహం చూపించమంటే "కెమెరా పాడైంది మేడమ్" అనేవాడు.

బడి నడిచినప్పుడు గుండెకు ఎన్ని గదులో కూడా చెప్పలేని మహానుభావుడు వీడు. ఇంత తెలివి ఎక్కడి నుంచి ఊడిపడింది? పుస్తకం చూసి చదువుతున్నాడేమోనని పుస్తకంలో లేనివి అడిగాను. అవీ చెప్పాడు. పైగా మగపిల్లలందరికీ గొంతులు బొంగురుపోతుంటే, వీడి గొంతు సన్నగా అలాగే ఉంది. దాంతో నా అనుమానం గట్టిపడింది.

చివరికి బడి తెరిచారు. సాయినాథ్ వచ్చాడు, నూనూగు మీసాలతో, బొంగురు గొంతుతో. ఒక్క ప్రశ్న అడిగాను. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. సాయంత్రం వాణ్ణి ముందు పెట్టుకుని వాళ్లింటికి పోయాను.

తిక్కయ్య మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు.

"నిజం చెప్పన్నా, ఫోన్లో జవాబులు చెప్పిందెవరు?"

ఆయన నన్నే అనుమానంగా చూశాడు. "ఎవరు సెప్తే ఏం మేడమ్? పిల్లోన్ని ఫెయిల్ సేసేకి వచ్చినారా?"

మూల కూర్చుని కండెలకు నూలు చుడుతున్న పిల్ల చేయి ఆగింది. సాయినాథ్ అక్క దీపిక. వాడికన్నా ఏడాది పెద్దది.

"నేనే మేడమ్. వాడు నాయనతో మగ్గం కాడ ఉంటే, హాజరు పోకుండా నన్ను కూసోబెట్టినారు. మా తమ్మున్ని ఏమనొద్దండి."

అదే సన్నని గొంతు. నా కోపమంతా ఎటు పోయిందో. ఇన్నాళ్లూ నేను మురిసిపోయి పాఠం చెప్పింది ఈ పిల్లకి. ఏడో తరగతితోనే మానిపించారట.

"ఈమెను కూడా బడికి పంపన్నా" అని బతిమాలాను.

"ఇదీ పోతే కండెలు ఎవరు సుడతారు? వాడు పోతాండాడు గదా, సాలు." తిక్కయ్య మళ్లీ గుంతలోకి దిగాడు.

దీపిక నా వెంట గడప దాకా వచ్చింది. నాయనకు వినపడకుండా అడిగింది.

"బడి మళ్లా ఎప్పుడు మూస్తారు మేడమ్?"