హైకోర్టు భయపడలేదు

ఏళ్ల తరబడి విలన్ల వెనక చేతులు కట్టుకుని నిలబడిన శాంతరాజుకి, తొంభైమూడులో నిర్మాత పట్టాభిరామయ్య మొదటిసారి విలన్ వేషమే ఇస్తానన్నాడు. సరిగ్గా అప్పుడే, ఇంటి ఓనరు అచ్యుతరామయ్యను బెదిరించాడని కింది కోర్టు అతనికి ఆరు నెలలు జైలు వేసింది. జైలుకు పోతే వేషం పోయినట్టే. ఫిలింనగర్‌లో ఒక వేషానికి వందమంది కాచుకుని ఉంటారు, అందులో తొంభైమంది మీ శ్రేయోభిలాషులే.

తప్పంతా ఒక్క మాటది. ఒకనాటి సాయంత్రం ఓనరు తన తొట్టి నిండగానే నీళ్ల మోటారు కట్టేశాడు. శాంతరాజు ఒంటినిండా సబ్బు నురగతో మెట్లమీదికొచ్చి, "తెల్లారేలోగా నీ అంతు చూస్తా" అన్నాడు. వీధంతా విన్నది. ఆ గొంతు చూసే కదా నిర్మాత వేషమిస్తానన్నది.

హైకోర్టులో శాంతరాజు తరఫున వకీలు త్రినాథరావు లేచాడు.

"అన్నం తినని పిల్లాడి అంతు చూస్తానంటుంది తల్లి. పేకాటలో ఓడినవాడు గెలిచినవాడి అంతు చూస్తానంటాడు. ఇంతవరకూ ఎవరి అంతూ ఎవరూ చూడలేదు. పైగా ఈ ఫిర్యాది మర్నాడు పొద్దున్నే ముద్దాయిని షూటింగు పాసులడిగాడు. కింది కోర్టులో తనే ఒప్పుకున్నాడు."

జడ్జిగారు నవ్వాపుకుని తీర్పు చెప్పారు. ఉత్త మాట నేరం కాదు, భయపెట్టాలన్న ఉద్దేశం ఉండాలి. ఈ ముద్దాయి ఇలా అంటే వివేకమున్న మనిషెవడూ జడవడు. శిక్ష కొట్టేశారు.

శాంతరాజు మిఠాయి పట్టుకుని ఇంటికెళ్లాడు.

"నేనూ ఎప్పుడూ జడవలేదు," అంది భార్య ఫిలోమినా. "నన్నడిగితే వకీలు లేకుండానే చెప్పేదాన్ని."

తీర్పు లా పుస్తకాల్లోకెక్కింది. హైకోర్టు మాటంటే కింది కోర్టులన్నిటికీ శాసనం. తిట్టుకున్న వాళ్లంతా శాంతరాజు పేరు చెప్పి బయటపడటం మొదలుపెట్టారు. బోరబండ ఆటోడ్రైవర్ జంగయ్య అతని దగ్గర కిరాయి కూడా తీసుకోలేదు.

"శాంతరాజు కేసు అంటే నువ్వేనా సారూ? మా సడ్డకున్ని, అదే మా మర్దలు మొగన్ని, అంతు జూస్త అన్న. గాడు కేసు వెట్టిండు. మా వకీలు నీ కేసు జూపిచ్చిండు, జడ్జిసాబ్ ఇడిసిపెట్టిండు. నీ అసుంటోడు ఉండాలె."

ఆ ఆటోలోనే అతను జూబ్లీహిల్స్‌లో నిర్మాత ఆఫీసుకెళ్లాడు. పట్టాభిరామయ్య ముందున్న పేపర్లో ఆ తీర్పు గురించే రాశారు.

"నిన్ను చూసి ఎవడూ భయపడడని హైకోర్టే రాసిచ్చిందయ్యా. ఇంక నేను నేలక్లాసు వాణ్ణి ఏం పెట్టి భయపెట్టను?"

శాంతరాజు త్రినాథరావు దగ్గరికి పరుగెత్తాడు. తీర్పు మీద ఢిల్లీకి వెళదామన్నాడు.

"గెలిచినవాడికి అప్పీలు లేదయ్యా," అన్నాడు త్రినాథరావు.

ఇక మిగిలింది ఓనరే. రెండు రోజులు బతిమాలి, అచ్యుతరామయ్యను నిర్మాత ముందుకు తీసుకెళ్లాడు.

"నిజం చెప్పమంటారా అండీ," అన్నాడు అచ్యుతరామయ్య. "ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. పాసులడిగింది కూడా భయంతోనే. సినిమావాణ్ణి పాసులడిగితే మెత్తబడతాడని."

"మరి కోర్టులో చెప్పలేదేం?" అన్నాడు నిర్మాత.

"ఎందుకడిగావని ఎవరూ అడగలేదండీ. అడిగావా లేదా అన్నారు. అడిగానన్నాను."

పట్టాభిరామయ్య ముందుకు వంగాడు. "ఏదీ, ఆ రాత్రిలా ఒక్కసారి భయపడండి."

అచ్యుతరామయ్య పెదవి వణికింది. కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి తనంతట తానే పంచె ముడి పట్టుకుంది. కాఫీలు తెచ్చిన మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"శాంతరాజూ, ఈయన నీ ఎదురుగా ఉంటే జనం నిన్ను నమ్ముతారయ్యా," అన్నాడు నిర్మాత. "ఇద్దరూ చెయ్యండి. ఈయన ఒప్పుకోకపోతే నీదీ లేదు."

మొదటిరోజు షూటింగులో విలన్ ఎండలో నిలబడ్డాడు. ఓనరుకి మేకప్పు అవుతోంది. గంట తర్వాత అచ్యుతరామయ్య గొడుగు కింద నడుచుకుంటూ వచ్చి, శాంతరాజు భుజం తట్టాడు.

"చూడవయ్యా, నువ్వు మరీ అరవకు. నేను భయపడతాలే."